పిల్లలకు ప్రవేశం లేని నౌక: భిలాయ్ వృద్ధులకు ఒరిగేదేమిటి?

'పెద్దలకు మాత్రమే' అన్న మాట కనపడగానే తెలుగు పాఠకునికి మొదట స్ఫురించేది సినిమా వాల్‌పోస్టరు మూలన ఉండే 'ఏ' అక్షరం. అమెరికాలోనో, ఇంగ్లండులోనో స్థిరపడిన కుమారుడు భిలాయ్‌లోని తల్లిదండ్రులకు ఫోన్ చేసి, 'పెద్దలకు మాత్రమే' అన్న షరతుతో నడిచే మధ్యధరా సముద్ర విహార నౌకలో టికెట్లు కొంటానంటే, ఉక్కు కర్మాగారంలోనూ దాని సెక్టార్లలోనూ జీవితమంతా గడిపిన దంపతులు కొంత ఇబ్బంది పడటం సహజమే. అయితే ఆ అనుమానానికి ఆస్కారం లేదు. ఈ నౌకల విషయంలో ఆ మాటకు అర్థం ఒక్కటే. పద్దెనిమిదేళ్లలోపు వారికి ప్రవేశం ఉండదు.

అనుమానం తీరిన తర్వాత అసలు ప్రశ్న ఎదురవుతుంది. లక్షల రూపాయలు పోసి కొనే ఈ నిశ్శబ్దం వల్ల భిలాయ్ వృద్ధులకు ఒరిగేదేమిటి?

ఈ ప్రశ్న భిలాయ్‌లో వేయడానికి కారణం ఉంది. 1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం ఫలితంగా వెలసిన ఈ కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి ఉపాధి కోసం రైలెక్కి వచ్చిన తెలుగు కుటుంబాలు ఇక్కడే స్థిరపడ్డాయి. కర్మాగారం నడిపిన పాఠశాలల్లో చదివిన వారి పిల్లలు ఇంజనీర్లై బెంగుళూరు, హైదరాబాద్‌లకు, అక్కడి నుంచి విదేశాలకు వెళ్లారు. రిసాలి, నెహ్రూనగర్, స్మృతినగర్‌లలో ఇళ్లు కట్టుకున్న తల్లిదండ్రులు మాత్రం ఇక్కడే మిగిలారు. భార్యాభర్తలిద్దరే ఉండే ఇళ్లు ఈ కాలనీల్లో కొత్త కాదు. విదేశాల్లోని పిల్లలు తల్లిదండ్రులకు ఏదైనా చేయాలనుకున్నప్పుడు వారికి తోచే కానుకల్లో ఇప్పుడు నౌకా విహారం కూడా చేరింది.

సముద్రం ఎరుగని ఊరు ఇది. అయినా నౌకలతో దీనికి సంబంధం లేకపోలేదు. 2022 సెప్టెంబరు 2న కొచ్చిలో నౌకాదళంలో చేరిన విమానవాహక నౌక 'విక్రాంత్' నిర్మాణానికి ఉక్కు ప్రాధికార సంస్థ సరఫరా చేసిన సుమారు 30 వేల టన్నుల ప్రత్యేక ఉక్కులో భిలాయ్, బొకారో, రూర్కెలా కర్మాగారాల భాగం ఉంది. ఉక్కు ఓడ ఎక్కింది గానీ, దానిని కాచిన వారిలో ఓడ ఎక్కిన వారు తక్కువే.

అన్ని నౌకలూ ఒక్కటి కావు

పిల్లలను అనుమతించని నౌకలన్నీ ఒకే తరహావని భావించడం పొరపాటు. బ్రిటన్‌కు చెందిన పి అండ్ ఓ క్రూయిజెస్ సంస్థ తన ఆర్కాడియా, అరోరా నౌకలను ఇందుకు కేటాయించింది. ఇవి ఎక్కువగా సౌతాంప్టన్ రేవు నుంచి బయలుదేరుతాయి. కనుక భారతీయులకు ఐరోపా వీసాతో పాటు బ్రిటన్ వీసా కూడా కావాలి. 2015లో సముద్ర విహారాలు ప్రారంభించిన వైకింగ్ సంస్థ నౌకల్లో సుమారు 930 మంది ప్రయాణికులే ఉంటారు. జూదశాల ఉండదు. ప్రతి రేవులోనూ ఒక విహారం టికెట్ ధరలోనే కలిసి ఉంటుంది. ప్రయాణికుల్లో అధికులు ఉద్యోగ విరమణ చేసినవారే. 2021లో రంగప్రవేశం చేసిన వర్జిన్ వాయేజెస్ కూడా పద్దెనిమిదేళ్ల నియమమే పెట్టింది. వేసవిలో బార్సిలోనా, ఏథెన్స్ రేవుల నుంచి విహారాలు నడుపుతుంది. కానీ అక్కడి వాతావరణం వేరు. అర్ధరాత్రి దాకా నృత్యాలు, సంగీతం హోరెత్తుతాయి. పచ్చబొట్లు పొడిచే దుకాణం కూడా నౌకలోనే ఉంది! నిశ్శబ్దం కోసం వెళ్లిన విశ్రాంత ఫోర్‌మన్ దంపతులు ఈ నౌకలో పడితే కుమారుని ఏమనుకుంటారో ఊహించుకోవచ్చు.

కాబట్టి 'పిల్లలు ఉండరు' అన్న ఒక్క మాట చూసి టికెట్ కొనడం వివేకం కాదు. తోటి ప్రయాణికులు ఏ వయసువారు, సాయంత్రాలు ఎలా గడుస్తాయి అన్నవి ముందే విచారించుకోవాలి.

సౌఖ్యం నిజమే

ఈ విహారాలకు గల అనుకూలతలను తక్కువ చేయలేము. వయసు మీరినవారికి విదేశీ యాత్రలో అతి పెద్ద శ్రమ పెట్టె సర్దడం, బస్సు ఎక్కడం, రోజుకొక హోటల్ మారడం. నౌకలో గది ఒక్కటే. రాత్రి నిద్రపోయి లేచేసరికి ఊరు మారి ఉంటుంది. పిల్లలు లేని నౌకలో ఈత కొలను దగ్గర కేకలు ఉండవు, భోజనశాలలో పరుగులు ఉండవు, లిఫ్టు కోసం తోపులాట తక్కువ. గ్రంథాలయం, ఉపన్యాసాలు, శాస్త్రీయ సంగీతం వంటి వాటికి కొన్ని సంస్థలు ప్రాధాన్యమిస్తాయి. ఇలాంటి నౌకలు పాఠశాల సెలవులకు కట్టుబడి నడవనక్కరలేదు. ఏప్రిల్, మే, సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మధ్యధరా తీరం చల్లగా, రద్దీ తక్కువగా ఉంటుంది. జూలై, ఆగస్టుల్లో అక్కడి ఎండ భిలాయ్ మే నెలను గుర్తుచేస్తుంది.

భోజనం గురించిన భయం కొంత మేరకే నిజం. శాకాహారం ముందుగా చెబితే ఏర్పాటు చేస్తారు. బ్రిటిష్ నౌకల సిబ్బందిలో గోవా నుంచి వచ్చిన వారు చాలా మంది ఉంటారు గనుక పప్పూ అన్నమూ అంటే అర్థం చేసుకునేవారు దొరుకుతారు. అయితే ఇంటి నుంచి పులిహోర కట్టుకుని వెళ్దామంటే కుదరదు. ఇంట్లో వండిన పదార్థాలను చాలా నౌకలు లోపలికి రానివ్వవు.

లెక్క ఇక్కడ మొదలు

అసలు చిక్కు డబ్బు దగ్గర. ఐరోపా దేశాల షెంగెన్ వీసా రుసుము 2024 జూన్ 11 నుంచి 90 యూరోలకు పెరిగింది. 2025లో యూరో విలువ 100 రూపాయలు దాటింది. అంటే మనిషికి తొమ్మిది వేల రూపాయల పైమాటే. ఉద్యోగుల పింఛను పథకం కింద 2014 సెప్టెంబరు నుంచి అమలులో ఉన్న 15,000 రూపాయల జీతం పరిమితి ప్రకారం, మామూలు సూత్రంలో 35 ఏళ్ల సర్వీసుకైనా వచ్చే పింఛను నెలకు 7,500 రూపాయలు. అధిక పింఛను దక్కని విశ్రాంత కార్మికునికి ఒక నెల పింఛను వీసా రుసుముకే చాలదన్న మాట! కంపెనీ చెల్లించిన ఇతర మొత్తాలపై వచ్చే వడ్డీ ఉన్నవారి పరిస్థితి మెరుగే గానీ, ఆ వడ్డీయే ఇంటి ఖర్చులకూ ఆధారం.

వీసాతో ఖర్చు ఆగదు. భిలాయ్ నుంచి రాయ్‌పూర్ విమానాశ్రయం, అక్కడి నుంచి ఢిల్లీ లేదా ముంబయి, ఆపైన ఐరోపా. విమానం ఆలస్యమైతే నౌక ఆగదు. అందువల్ల ఒక రోజు ముందే చేరుకుని హోటల్‌లో దిగడం తప్పనిసరి అనే చెప్పాలి. భారతదేశంలోని టూర్ ఆపరేటర్ వద్ద ప్యాకేజీ కొంటే మూలంలోనే కొంత పన్ను వసూలు చేస్తారు. ఇంతకుముందు 5, 20 శాతాలుగా ఉన్న ఈ రేటును 2026 కేంద్ర బడ్జెట్‌లో 2 శాతానికి తగ్గించారు. ఆదాయపు పన్ను రిటర్ను దాఖలు చేస్తే ఇది సర్దుబాటు అవుతుంది. నౌకపై పానీయాలు, ఇంటర్నెట్, సిబ్బందికి రోజువారీ బక్షీసు, రేవుల్లో విహారాలు కొన్ని సంస్థల్లో టికెట్‌లో కలిసి ఉంటాయి, మరికొన్నింటిలో విడిగా బిల్లవుతాయి. చౌక టికెట్ చివరకు ఖరీదైనది కావడం అరుదేమీ కాదు.

భర్తను కోల్పోయిన స్త్రీలకూ, భార్యను కోల్పోయిన పురుషులకూ అన్యాయం మరొకటి ఉంది. గది ఇద్దరికని లెక్కగట్టిన ధర కావడంతో ఒక్కరే వెళ్తే చాలా సంస్థలు దాదాపు రెండో వ్యక్తి ఛార్జీ కూడా వసూలు చేస్తాయి.

సెక్టార్-9 ఆస్పత్రి అక్కడ లేదు

భిలాయ్ విశ్రాంత ఉద్యోగికి జ్వరం వచ్చినా, గుండెలో నొప్పి వచ్చినా తెలిసిన దారి ఒక్కటే. సెక్టార్-9 లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆస్పత్రి. నౌకలో వైద్యుడు ఉంటాడు, చిన్న ఆస్పత్రీ ఉంటుంది. కానీ ప్రతి సేవకూ విదేశీ కరెన్సీలో బిల్లు వేస్తారు. పరిస్థితి విషమిస్తే రేవులో దింపి స్థానిక ఆస్పత్రికి పంపుతారు. షెంగెన్ వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఎలాగూ తప్పదు. అయితే వీసా కోసం తీసుకునే చౌక పాలసీల్లో ముందు నుంచి ఉన్న రక్తపోటు, మధుమేహం వంటి వ్యాధులకు మినహాయింపులు ఉండవచ్చు. డెబ్బై ఏళ్లు దాటిన వారికి ప్రీమియం ఎక్కువ. పాలసీలోని చిన్న అక్షరాలను చదవవలసింది ఇక్కడే. పెద్దలకు మాత్రమే అన్న నౌకలో ప్రయాణించేవారికి ఈ విషయంలో జాగ్రత్త మరింత అవసరం.

రేవులో దిగిన తర్వాత మోకాళ్ల పరీక్ష మొదలవుతుంది. రోమ్ అని టికెట్‌పై రాసి ఉన్నా నౌక ఆగేది చివిటవెక్కియా రేవులో. అక్కడి నుంచి రోమ్ సుమారు 70 కిలోమీటర్లు. భిలాయ్ నుంచి రాయ్‌పూర్‌కు ఉన్న దూరానికి రెట్టింపు. ఉదయం దిగి సాయంత్రానికి తిరిగి రావాలి. గ్రీసులోని సాంటోరినిలో పెద్ద నౌకలు సముద్రంలోనే నిలిచిపోతాయి. పడవల్లో ఒడ్డుకు చేర్చిన తర్వాత కొండపై ఊరికి దాదాపు 600 మెట్లు లేదా రోప్‌వే. వెయ్యికి పైగా మెట్లున్న డోంగర్‌గఢ్ బమ్లేశ్వరి కొండను చూసినవారికి ఇది పెద్ద విషయం కాదనిపించవచ్చు. కానీ అక్కడ అమ్మవారి దర్శనానికి సమయం ఎంతైనా తీసుకోవచ్చు, ఇక్కడ పడవ టైము దాటకూడదు.

ఆ ఊళ్లు కూడా నౌకలను పూర్వంలా ఆహ్వానించడం లేదు. 2021 ఆగస్టు నుంచి వెనిస్ నగర మధ్యభాగంలోని జలమార్గాల్లో 25 వేల టన్నులు దాటిన నౌకలను నిషేధించారు. గ్రీసు ప్రభుత్వం 2025 జూలై నుంచి నౌకా ప్రయాణికులపై ప్రత్యేక రుసుము విధించింది. రద్దీ మాసాల్లో సాంటోరిని, మైకనోస్‌లలో ఇది తలకు 20 యూరోలు. బార్సిలోనా నగరం తన నౌకా టెర్మినళ్లను ఏడు నుంచి ఐదుకు కుదించాలని 2025లో నిర్ణయించింది.

మనవలు లేని సెలవు

ఇవన్నీ సర్దుకోగలిగిన చిక్కులే. సర్దుకోలేనిది వేరే ఉంది. ఐరోపా కుటుంబాల్లో ఈ నౌకలకు గిరాకీ రావడానికి కారణం, ఏడాదంతా పిల్లలతోనో, మనవల బాధ్యతతోనో అలసిన వారికి కొద్ది రోజుల విరామం కావడం. భిలాయ్‌లోని తెలుగు దంపతుల స్థితి దీనికి తలకిందులు. వారి ఇంట నిశ్శబ్దం ఏడాది పొడవునా ఉచితంగా దొరుకుతుంది. మనవడు భోజనశాలలో పరుగెత్తడం వారికి ఫిర్యాదు కాదు, ఎదురుచూపు. కుమారుడు పంపే డబ్బుతో ఆ పరుగును మినహాయించే టికెట్ కొనడం ఎంతవరకు సబబు అన్నది ఆలోచించదగినది.

పిల్లల సంరక్షణలోనే తలమునకలైన వారు లేకపోలేదు. మనవల కోసం నెలల తరబడి అమెరికాలో ఉండి, వంటా లాలనా చూసి తిరిగి వచ్చే అమ్మమ్మలకు, నాయనమ్మలకు ఈ నౌక నిజమైన విశ్రాంతి కావచ్చు. అటువంటి వారికి, ఆరోగ్యం బాగుండి స్తోమత కలిగినవారికి, వైకింగ్ తరహా చిన్న నౌక మంచి ఎంపిక అనడానికి వెనుకాడనక్కరలేదు. మిగిలినవారు మాత్రం రెండు విషయాలు గమనించాలి. ఎం.ఎస్.సి., కోస్టా వంటి ఇటలీ నేపథ్యం గల సంస్థలు అనేక ప్రయాణాల్లో, ఇద్దరు పెద్దలతో ఒకే గదిలో ఉండే పిల్లలకు ఛార్జీ లేకుండా, రేవు పన్నులు మాత్రమే తీసుకుంటాయి. మూడు తరాలూ కలిసి వెళ్లడానికి ఇది వీలు కల్పిస్తుంది. నిశ్శబ్దమే కావాలనుకుంటే, అవే మామూలు నౌకల్లో బడులు తెరిచి ఉండే అక్టోబరు వంటి నెలల్లో పిల్లలు సహజంగానే తక్కువ. ప్రత్యేక నౌకకు ప్రత్యేక ధర చెల్లించనక్కరలేదు. పెద్దలకు కేటాయించిన విభాగాలు కూడా అనేక పెద్ద నౌకల్లో ఉన్నాయి.

సముద్రం తమకు పడుతుందో లేదో తెలియనివారు తొలి ప్రయత్నానికి ఐరోపా దాకా వెళ్లవలసిన పని లేదు. విశాఖపట్నంలో 2023 సెప్టెంబరులో అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది. 2025 జూన్, జూలైలలో చెన్నై నుంచి కొర్డీలియా నౌక విశాఖకు వచ్చి వెళ్లింది. దుర్గ్ నుంచి విశాఖకు 2024 సెప్టెంబరు 16న వందేభారత్ రైలు మొదలైంది. స్వగ్రామానికి వెళ్లే దారిలోనే రెండు రోజులు నౌకలో గడిపి చూడవచ్చు. అయితే ఇక్కడి ప్రయాణాలు ఏడాది పొడవునా ఉండవు. షెడ్యూలు చూసుకుని రైలు టికెట్ తీసుకోవడం మేలు.

అప్పటికీ మధ్యధరాయే కావాలనుకున్నవారు మొదట పాస్‌పోర్టు గడువు చూసుకోవాలి. షెంగెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు, పదిహేను రోజుల లోపు అయితే తీసుకోరు. నౌక మధ్యలో టర్కీ వంటి దేశాలను తాకి తిరిగి ఐరోపా రేవుకు వచ్చేదైతే, ఒక్క ప్రవేశానికి ఇచ్చే వీసా పనికిరాదు. పలుమార్లు ప్రవేశానికి వీలున్న వీసా కోరవలసి ఉంటుంది. అక్టోబరు ప్రయాణానికి కాగితాలు ఏప్రిల్‌లోనే సిద్ధం చేసుకోవచ్చు. కుమారుడు పంపవలసిన ఆహ్వాన పత్రం, ఆర్థిక హామీ పత్రం ఉంటే వాటిని ఆ నెలలోనే తెప్పించుకోవాలి.