పుష్య బహుళ పంచమి: త్యాగయ్య వెళ్ళిన రోజు, నాగరత్నమ్మ నిలిపిన రోజు

సంక్రాంతికి కాస్త అటూ ఇటూగా పంచాంగంలో పుష్య బహుళ పంచమి వస్తుంది. మన పల్లెల్లో ఆ తిథికి పండుగ లేదు, పబ్బం లేదు. కంది కోసేవారు కోస్తూనే ఉంటారు, బండ్లు తోలేవారు తోలుతూనే ఉంటారు. కాని తమిళనాడులో తంజావూరుకు సుమారు పన్నెండు కిలోమీటర్ల దూరాన, కావేరి ఒడ్డున ఉన్న తిరువయ్యారు గ్రామం ఆ రోజు జనంతో నిండిపోతుంది. తెల్లవారేసరికే నాదస్వరం మోగుతుంది. ఒక చిన్న ఇంటి నుంచి భజన బృందం బయలుదేరి పాడుకుంటూ ఏటి ఒడ్డుకు చేరుతుంది. అక్కడ వందల మంది విద్వాంసులు, విదుషీమణులు ఎదురెదురుగా బారులు తీరి కూర్చుని ఒక్క గొంతుతో పాడతారు. పాడేవారిలో చాలామందికి తెలుగు మాతృభాష కాదు. అయినా పాడే పాటల్లో ఎక్కువ భాగం తెలుగే.

ఆ పాటలు కట్టిన త్యాగరాజస్వామి కన్నుమూసిన తిథి అది. ఆయన ఇంటిపేరు కాకర్ల. ఉమ్మడి ప్రకాశం జిల్లాలో, కంభం ప్రాంతపు అర్ధవీడు మండలంలో కాకర్ల అనే ఊరు ఉంది. త్యాగయ్య పూర్వీకులు అక్కడి నుంచే దక్షిణాదికి వలస వెళ్ళారని పెద్దలు చెబుతారు.

కంభం నుంచి కావేరికి

విజయనగర సామ్రాజ్యం దెబ్బతిన్న తరువాత పండితులు, కవులు, గాయకులు, నాట్యగాళ్ళు ఆదరణ వెతుక్కుంటూ తంజావూరు సీమకు తరలిపోయారు. అప్పట్లో తంజావూరును ఏలిన నాయక రాజులు తెలుగువారు. వారి తరువాత వచ్చిన మరాఠా రాజులు కూడా తెలుగును వదులుకోలేదు. కొలువులో తెలుగు, యక్షగానంలో తెలుగు, పాటలో తెలుగు. అలా వెళ్ళి స్థిరపడిన కుటుంబాల్లో కాకర్ల వారు ఒకరు.

త్యాగయ్య 1767 మే 4న తిరువారూరులో పుట్టారు. తండ్రి రామబ్రహ్మం, తల్లి సీతమ్మ. సంగీత త్రిమూర్తులుగా పేరుపొందిన మిగిలిన ఇద్దరు, శ్యామశాస్త్రి, ముత్తుస్వామి దీక్షితులు, వారు పుట్టిందీ ఆ తిరువారూరులోనే. చిన్నతనంలోనే త్యాగయ్య కుటుంబం తిరువయ్యారు చేరింది. శొంఠి వెంకటరమణయ్య వద్ద ఆయన సంగీతం నేర్చుకున్నారు. రాజుగారు పిలిచినా కొలువుకు వెళ్ళలేదని, వీధుల్లో పాడుతూ ఉంఛవృత్తితో తెచ్చుకున్న గింజలతోనే ఇల్లు నడిపారని చెబుతారు. ఇప్పటికీ పంచమి నాడు భజన బృందం ఆయన ఇంటి నుంచి పాడుకుంటూ బయలుదేరడం ఆ ఉంఛవృత్తికి గుర్తే.

ఆయన కట్టిన కృతుల్లో మనకు దక్కినవి సుమారు ఏడు వందలు. అవి దక్కడానికి కారణం శిష్యులు. వాలాజపేట వెంకటరమణ భాగవతార్ వంటి వారు గురువు పాడుతుంటే రాసిపెట్టుకున్నారు. ఉమయాళ్పురం, తిల్లైస్థానం శిష్యులు తమ తరువాతి వారికి నేర్పుకుంటూ వచ్చారు.

1847 జనవరి 6

త్యాగయ్య చివరి రోజుల్లో సన్యాసం స్వీకరించారు. 1847 జనవరి 6న, పరాభవ నామ సంవత్సర పుష్య బహుళ పంచమి నాడు, డెబ్భై తొమ్మిదేళ్ళ వయసులో కన్నుమూశారు. సన్యాసి గనుక దహనం చేయలేదు. కావేరి ఒడ్డున సమాధి చేశారు.

మన పెద్దల ఆబ్దికాలు తిథిని బట్టే జరుగుతాయి. త్యాగయ్య ఆరాధన కూడా అంతే. అందుకే ఇంగ్లీషు తేదీ ఏటా మారుతుంది. 2024లో పంచమి జనవరి 30న వచ్చింది, 2025లో జనవరి 18న వచ్చింది. తేదీ లెక్కనే చూస్తే జనవరి 6కు మరో విశేషం ఉంది. సినిమా సంగీతంలో రెండు ఆస్కార్ బహుమతులు అందుకున్న ఎ.ఆర్. రెహమాన్ మద్రాసులో పుట్టింది 1967 జనవరి 6న. సరిగ్గా నూట ఇరవై ఏళ్ళ తేడా. అరవై ఏళ్ళ చక్రం రెండుసార్లు తిరిగింది గనుక, తిథి వేరైనా ఆ సంవత్సరం పేరు కూడా పరాభవే. ముత్తుస్వామి దీక్షితులు 1835లో దీపావళి నాడు కన్నుమూశారు. కనుక సంగీతం తెలిసినవారికి దీపావళి కూడా ఒక స్మరణ దినమే.

మూతబడిన సమాధి

ఇంత గొప్పవాడు పోయాక ఏటా వేలమంది వచ్చి ఉంటారని అనుకుంటాం. అలా జరగలేదు. శిష్యులు ఎవరి ఊళ్ళో వారు ఆబ్దికం జరుపుకునేవారు. తిరువయ్యారులో సమాధి పాడుబడిపోయింది. 1903లో ఉమయాళ్పురం శిష్యులు కృష్ణ భాగవతార్, సుందర భాగవతార్ దాన్ని వెతికి బాగుచేయించారు. ఆ తరువాత కొన్నేళ్ళకు తిల్లైస్థానం సోదరులు నరసింహ భాగవతార్, పంజు భాగవతార్ ఆరాధనను ఘనంగా చేయడం మొదలుపెట్టారు. అంతలోనే అన్నదమ్ములకు పడక రెండు పక్షాలయ్యాయి. ఒకటి పెద్ద పక్షం, రెండోది చిన్న పక్షం. ఒకరి ఉత్సవానికి ఇంకొకరు వెళ్ళేవారు కాదు.

తగాదా పడిన ఈ రెండు పక్షాలకూ ఒక్క విషయంలో మాత్రం భేదం లేదు. సమాధి ముందు ఆడవాళ్ళు పాడరాదన్నారు.

ఆమె ఎవరు?

బెంగుళూరు నాగరత్నమ్మ 1878లో మైసూరు దగ్గరి నంజనగూడులో, దేవదాసి కుటుంబంలో పుట్టారు. తల్లి పుట్టలక్ష్మి. సంగీతం, నాట్యంతోపాటు సంస్కృతం, తెలుగు, కన్నడం చదువుకున్నారు. మద్రాసులో స్థిరపడి కచేరీలతో పేరు, ధనం గడించారు.

ఆమె పేరు మొదట పెద్ద వివాదంలో వినబడింది. తంజావూరు ప్రతాపసింహుని కొలువులో ఉండిన ముద్దుపళని అనే కవయిత్రి 'రాధికా సాంత్వనము' కావ్యం రాశారు. పాత అచ్చుప్రతిలో కొన్ని భాగాలు తీసివేశారని గమనించి, రాతప్రతి సంపాదించి, 1910లో వావిళ్ళ వారి ద్వారా పూర్తి పుస్తకం అచ్చువేయించారు. అది అశ్లీలమని బ్రిటిష్ ప్రభుత్వం నిషేధించింది. ఆ నిషేధం తొలగింది 1946-47లో, టంగుటూరి ప్రకాశం పంతులు మద్రాసు ప్రధానిగా ఉన్నప్పుడు. కాకర్ల ఊరున్న ఉమ్మడి జిల్లాకు పెట్టిన పేరు ఆయనదే. ఒక ఆడది రాసిన పుస్తకాన్ని ఇంకొక ఆడది బయటికి తెస్తే, దాని సంకెల తీయించింది ఒంగోలు సీమ మనిషి.

నగలు సమాధికి

1921లో నాగరత్నమ్మకు తన గురువు బిడారం కృష్ణప్ప వద్ద నుంచి ఉత్తరం వచ్చింది. త్యాగయ్య సమాధి దిక్కులేకుండా పడి ఉందని అందులోని సంగతి. అప్పటికి ఆమె వయసు నలభై దాటింది. కచేరీలు తగ్గించి విశ్రాంతి తీసుకోవలసిన వయసులో ఆమె తిరువయ్యారుకు ప్రయాణమయ్యారు. సమాధి ఉన్న స్థలం సంపాదించి 1921 అక్టోబరులో శంకుస్థాపన చేయించారు. డబ్బు చాలకపోతే నగలు, ఆస్తి అమ్మారు. 1925 జనవరిలో గుడి పూర్తయి త్యాగయ్య విగ్రహానికి ప్రతిష్ఠ జరిగింది.

గుడి ఆమెది, ఖర్చు ఆమెది, నిత్యపూజ ఏర్పాటు ఆమెది. పంచమి నాడు మాత్రం ఆ గుడి ముందు పాడే హక్కు ఆమెకు లేదన్నారు. దేవదాసి అన్నారు, ఆడది అన్నారు.

ఆమె గుడికి తాళం వేసుకుని ఇంటికి వెళ్ళిపోలేదు. మరెవరి ఉత్సవాన్నీ ఆపలేదు. 1920 దశకం చివర్లో తనలాంటి గాయనులను కూడగట్టి, సమాధి వెనుక భాగాన వేరే ఆరాధన మొదలుపెట్టారు. ముందువైపు మగవారి పాట, వెనకవైపు ఆడవారి పాట. రెండు పక్షాలు కాస్తా మూడు పక్షాలయ్యాయి. ఏడాది తరువాత ఏడాది ఆమె వెనక్కు తగ్గలేదు. మద్రాసు నుంచి, ఇతర ఊళ్ళ నుంచి పేరున్న గాయనులు ఆమె పిలుపుకు వచ్చి పాడారు.

ఇలా పుష్కర కాలం గడిచింది. 1940 నాటికి మూడు వర్గాల వారికీ విసుగు పుట్టింది. ఐ.సి.ఎస్. అధికారి ఎస్.వై. కృష్ణస్వామి, గాయకుడు ముసిరి సుబ్రహ్మణ్య అయ్యర్ వంటి వారు చొరవ తీసుకుని అందరినీ ఒక చోట కూర్చోబెట్టారు. అప్పటి నుంచి ఆరాధన ఒక్కటే. ఆడ, మగ కలిసే పాడతారు.

అయిదు రత్నాలు

అందరూ కలిసి పాడాలంటే అందరికీ వచ్చిన పాట కావాలి. అందుకు పెద్దలు ఎంచుకున్నవే పంచరత్న కృతులు. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ అనే అయిదు రాగాల్లో ఇవి నడుస్తాయి. మొదటిది సంస్కృతం, మిగిలిన నాలుగూ తెలుగు. అయిదూ ఆదితాళంలోనే ఉండడంతో పెద్ద బృందం పాడినా తాళం తప్పదు. పల్లవి, అనుపల్లవి, ఆ తరువాత వరుసగా చరణాలు. ప్రతి చరణాన్నీ ముందు స్వరంతో, వెంటనే సాహిత్యంతో పాడతారు.

గోష్ఠిలో కచేరీ గాయకులు ఉంటారు, బడిలో నేర్చుకుంటున్న పిల్లలూ ఉంటారు. పేరున్నవారికి వేరే మైకు, లేనివారికి వేరే వరుస అన్న పట్టింపు లేకుండా ఆ కాసేపు అందరిదీ ఒకే గొంతు. మన పట్టణాల్లోని సంగీత కళాశాలలు, గానసభలు కూడా ఆ రోజు ఇదే పద్ధతిలో గోష్ఠి జరుపుతాయి.

కరవది సన్నాయి

ఆరాధన రోజు మొదట వినబడేది నాదస్వరం. ఆ వాద్యం మాట వస్తే ఒంగోలు పక్కనున్న కరవదిని తలచుకోకుండా ఉండలేం. షేక్ చిన మౌలానా 1924 మే 12న ఆ ఊళ్ళోనే పుట్టారు. తరతరాలుగా గుళ్ళలోనూ పెళ్ళిళ్ళలోనూ సన్నాయి ఊదిన ముస్లిం కుటుంబం వారిది. చిలకలూరిపేటలో షేక్ ఆదం సాహెబ్ వద్ద నేర్చుకున్నారు. తరువాత తంజావూరు బాణీ కోసం కావేరి సీమకు వెళ్ళి నాచియార్‌కోయిల్ సోదరుల వద్ద మళ్ళీ శిష్యరికం చేశారు. చివరికి శ్రీరంగంలోనే ఇల్లు కట్టుకున్నారు. 1977లో పద్మశ్రీ, 1998లో సంగీత కళానిధి బిరుదు వచ్చాయి. 1999 ఏప్రిల్ 13న కన్నుమూశారు. ఆయన మనుమలు కాసిం, బాబు కూడా నాదస్వర విద్వాంసులే.

కాకర్ల వారు కావేరికి వెళ్ళిన కొన్ని తరాల తరువాత కరవది మనిషి కూడా అదే దారి పట్టారు. మొదటివారు పాట కట్టారు, రెండోవారు ఊది వినిపించారు.

ఎదురుగా ఆమె

నాగరత్నమ్మ చివరి సంవత్సరాలు తిరువయ్యారులోనే గడిపారు. తన ఆస్తిని సమాధి పూజలకు రాసి ఇచ్చారు. ఆ గుడిలో పాడడానికి స్త్రీలకు ఎన్నడూ అడ్డు చెప్పరాదని షరతు పెట్టారు. 1952 మే 19న కన్నుమూశారు. త్యాగయ్య సమాధికి ఎదురుగానే ఆమె సమాధి ఉంది. చేతులు జోడించి స్వామి వైపు చూస్తూ కూర్చున్న విగ్రహం ఆమెది.

త్యాగయ్య గొప్పవాడే. అయినా ఆయన పోయిన తరువాత యాభై ఏళ్ళకే సమాధిని వెతుక్కోవలసి వచ్చింది. మన ఊళ్ళలో ఒకప్పుడు సన్నాయి ఊదినవారు, భజనలు నడిపినవారు, హరికథలు చెప్పినవారు ఎందరో పోయారు. వారు ఏ తిథిన పోయారో ఇంట్లోవారికి తప్ప ఎవరికీ గుర్తులేదు. కొందరికి ఇంట్లోవారు కూడా మిగలలేదు. భజన మందిరం గోడ మీద వారి పేరు, తిథి రాయించడానికి పెద్ద ఖర్చు కాదు. అడిగి చెప్పించుకోవడానికి ముసలివారు ఇంకా ఉన్న ఊళ్ళలో ఆ పని ఇప్పుడే చేయాలి.

వచ్చే పుష్య బహుళ పంచమికి తిరువయ్యారు వెళ్ళదలచినవారు తంజావూరు వరకు రైలులో వెళ్ళి, అక్కడి నుంచి బస్సు పట్టుకోవచ్చు. స్వామి సమాధికి దణ్ణం పెట్టుకుని వెనక్కు తిరిగితే ఎదురుగా కనబడేది నాగరత్నమ్మే. ఆమెకూ ఒక దణ్ణం పెట్టి రావాలి.