సర్కస్ చూసొచ్చాక పిల్లలకు ఏం చెప్పాలి?



సెలవుల్లో దోమకొండ నుంచి కామారెడ్డికో నిజామాబాద్‌కో హైదరాబాద్‌కో వెళ్లినప్పుడు సర్కస్ డేరా కనిపిస్తే పిల్లలు "చూద్దాం నాన్నా" అని పట్టుబడతారు. తప్పకుండా చూపించండి. అయితే చూసొచ్చిన మర్నాడే కొందరు మంచం మీది నుంచి దూకడం, చున్నీ కట్టుకుని వేలాడటం మొదలుపెడతారు. ఊరికే "వద్దు" అని కసిరితే మనం చూడనప్పుడు చేస్తారు. ఆ విన్యాసాల వెనక ఏముందో చెబితే, ఎందుకు వద్దో వాళ్లకే అర్థమవుతుంది.

ఊయల వెనక లెక్క

మనలో చాలామంది చిన్నప్పుడు సర్కస్ అంటే పులులు, సింహాలే. 1998లో కేంద్ర ప్రభుత్వం వాటితో ప్రదర్శనలను నిషేధించింది. ఇప్పుడు మనుషుల విన్యాసాలే ముఖ్యం. వాటిలో అందరూ ఊపిరి బిగబట్టి చూసేది ట్రపీజ్. ఊయల ఒకసారి ఊగి రావడానికి పట్టే సమయం ప్రధానంగా తాళ్ల పొడవును బట్టి ఉంటుంది. పై తరగతుల్లో చదివే లోలకం పాఠమే ఇది. ఎగిరేవారు, పట్టుకునేవారు ఆ లయను నెలల తరబడి సాధన చేస్తారు. క్షణం తేడా వస్తే చెయ్యి అందదు.

పడటమూ ఒక పాఠమే

ఎగిరే ఊయల ఆటను 1859లో పారిస్‌లో తొలిసారి ప్రదర్శించిన జూల్ లెయొటార్, సాధన చేసింది ఈతకొలను మీద. జారితే నీళ్లలో పడేవాడు. ఇప్పుడు ఆ పని వల చేస్తుంది. వల సాగుతూ, పడే వేగాన్ని కొద్దికొద్దిగా తగ్గిస్తుంది కాబట్టి దెబ్బ తీవ్రత తగ్గుతుంది. అయినా వల మీద వీపు ఆనేలా ఎలా పడాలో ముందే నేర్చుకోవాలి. మన ఇంటి బండల నేల సాగదు. అదే ఎత్తు నుంచి పడినా దెబ్బంతా ఒక్కసారే తగులుతుంది. ఈ తేడాను పిల్లలకు విడమరిచి చెప్పండి.

మన కోడి రామమూర్తి

ఉత్తరాంధ్రలోని వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు 'కలియుగ భీముడు'గా పేరుపొందారు. విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి, తర్వాత సొంత సర్కస్ కంపెనీ పెట్టారు. ఆ బలం ఏళ్ల తరబడి చేసిన కసరత్తు ఫలితమని పిల్లలకు చెప్పండి.

"నా వయసు పిల్లలెందుకు లేరు?"

పిల్లలు ఇలా అడిగితే దాటవేయకండి. ఒకప్పుడు చిన్నపిల్లలతో కూడా సర్కస్‌లో పని చేయించేవారు. 2011లో సుప్రీంకోర్టు దీన్ని ఆపాలని ఆదేశించింది. బడిలో ఉండాల్సిన పిల్లలు బరిలో ఉండకూడదన్నదే దాని సారాంశం.

ఇంటికి వచ్చాక

• "నీకు ఏది నచ్చింది?" అని ఊరుకోకుండా "అది నేర్చుకోవడానికి వాళ్లకు ఎన్నాళ్లు పట్టి ఉంటుంది?" అని అడగండి.
• చున్నీ, చీర, తాడు మెడ దగ్గరికి రాకూడదన్నది ఇంట్లో అందరికీ నియమంగా పెట్టండి. మెడకు బిగిస్తే నిమిషాల్లోనే ప్రాణం మీదికి వస్తుంది.
• నేల మీద గీసిన గీతపై చేతులు చాచి నడిపించండి, తర్వాత చేతులు కట్టుకుని నడవమనండి. తాడు మీద నడిచేవారు పొడవాటి కర్ర ఎందుకు పట్టుకుంటారో వాళ్లే చెబుతారు.
• ఆసక్తి నిలిచి ఉంటే పీఈటీ సార్‌తో మాట్లాడండి. పిల్లిమొగ్గలైనా మ్యాట్ మీద, పెద్దవాళ్లు పక్కన ఉండగానే వేయాలి.