లాలిబెలా గుడిలో ఆరాధనా నృత్యము

క్రైస్తవ దేవాలయమనగానే మనలో అనేకులకు ఒకే చిత్రము మనస్సునకు వచ్చును: వరుసగా వేసిన బల్లలు, వాటిపై నిశ్శబ్దముగా కూర్చున్న భక్తులు, మెల్లగా మ్రోగు వాద్యము. పాశ్చాత్య మిషనరీలు మన దేశమునకు తెచ్చిన పద్ధతులలో అది యొకటి. క్రైస్తవమంతయు అట్లే యుండుననుకొన్నవాడు ఇథియోపియా దేశములోని లాలిబెలా పట్టణమునకు పండుగనాడు పోయినయెడల గుమ్మమువద్దనే ఆగిపోవును. లోపల పెద్ద డోళ్లు మ్రోగుచుండును. తెల్లని వస్త్రములు ధరించిన పెద్దలు ఎదురెదురుగా రెండు వరుసలు తీరి, చేతికఱ్ఱలు ఎత్తుచు దించుచు, ఊగుచు పాడుచుందురు. స్త్రీలు నాలుక నాడించుచు దీర్ఘముగా హర్షధ్వని చేయుదురు. ఇది ప్రార్థనయా, తిరునాళ్లా అని సందేహము కలుగుట సహజము. పిల్లలకు నవ్వును రావచ్చును.

అయితే ఇది నిన్న మొన్నటి పద్ధతి కాదు. అక్సుం రాజైన ఎజానా 4వ శతాబ్దముననే క్రైస్తవమును స్వీకరించెను. లాలిబెలాలోని 11 దేవాలయములు కొండరాతిని తొలిచి చేసినవి. 12వ శతాబ్దము చివరను, 13వ శతాబ్దము మొదటను ఏలిన లాలిబెలా రాజు పేరు వాటితో ముడిపడియున్నది. ఎల్లోరాలోని కైలాసనాథాలయమును చూచినవారికి ఇట్టి పని యెంత కష్టమో వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ సంగీతమునకు మూలపురుషుడు 6వ శతాబ్దమువాడైన యారెద్ అని ఆ దేశస్థుల నమ్మకము. ఆయన గానము వినుచు మైమరచిన రాజు తన బల్లెమును ఆయన పాదముపైననే నాటెననియు, పాట ముగియువరకు ఇరువురును ఆ సంగతి గుర్తింపలేదనియు కథ చెప్పుదురు.

వాద్యములు మూడే. కెబెరో అనునది రెండు ముఖముల పెద్ద డోలు. ఒక ముఖము పెద్దది, రెండవది చిన్నది. మెడకు తగిలించుకొని చేతులతో వాయింతురు. సెనాసిల్ అనునది లోహపు చట్రమునకు కడ్డీలును బిళ్లలును అమర్చిన పరికరము, ఊపిన ఘల్లుమనును. ప్రాచీన ఈజిప్టు ఆలయములలోను ఇట్టిది వాడెడివారు. మూడవది చేతికఱ్ఱ. ఆరాధన గంటలకొలది సాగును, కూర్చుండుటకు బల్లలుండవు. కావున అలసినవాడు ఆ కఱ్ఱపై ఆనుకొని నిలుచును. పాట సమయమున అదియే తాళము చూపును.

చూచుటకు స్వేచ్ఛానృత్యమువలె నుండు ఈ ఊగులాటకు కట్టుదిట్టమైన క్రమము కలదు. మొదట వాద్యమేమియు లేక పాట మాత్రమే మందగతిని నడచును. పిదప కఱ్ఱలు ఊగును. అటుపై సెనాసిల్, డోలు చేరును. వేగము క్రమముగా హెచ్చి తుదకు చప్పట్లలోనికి వచ్చును. మన భజనగోష్ఠి ఎరిగినవారికి ఈ నడక క్రొత్తది కాదు. తెలుగు క్రైస్తవులలోను, 1803లో పర్లాకిమిడి ప్రాంతమున జన్మించిన పురుషోత్తమ చౌదరి మన రాగతాళములలోనే కీర్తనలు రచించెను. ఇక నృత్యమునకు ఆధారమేమని అడిగిన, దావీదు రాజు దైవమందసము ముందర నాట్యమాడిన బైబిలు కథను ఇథియోపియావారు చూపుదురు.

ఈ గాయకులను దెబ్తెరాలందురు. ఈ విద్యకు ఏండ్లు పట్టును. పూర్వపద్ధతిని బాలుడు ఇల్లు విడిచి గురువున్న ఊరు చేరి, ఇంటింట అన్నము యాచించి చదువుకొనును. మన తాతల కాలమున వారములు చేసికొని చదివినవారు జ్ఞప్తికి వత్తురు. వాడు నేర్చు పాటల భాష గీజు. దానిని ఇండ్లలో మాటలాడుట సుమారు వేయేండ్ల క్రిందటనే ఆగినది. ఇంట అమ్హారిక్, తిగ్రిన్యా వంటి భాషలే వినబడును. అయినను ప్రతి పండుగకు నోట పాడి, కాలితో అడుగువేసి, తరము తరువాత తరము గీజును నిలుపుకొన్నది. ఇంట నొక భాష, వీధిలో నొక భాషగా బ్రతుకు మనబోటి కుటుంబములు ఈ సంగతిని ఊరకే విని విడువరాదు.

అచ్చటికి పోవువారు గుమ్మము వెలుపలనే చెప్పులు విడువవలెను. పురుషులకు ఒక ప్రక్క, స్త్రీలకు ఒక ప్రక్క. లోపలి గర్భగృహమునకు అర్చకులు తప్ప అన్యులు పోరాదు. ఉపవాసముండని భక్తులు ప్రసాదస్వీకారమునకు రారు. పలువురు ప్రాంగణముననే నిలిచి, గోడను ముద్దిడి వెళ్లుదురు. కావున క్రొత్తవాడు వెలుపల నిలిచినను ఎవరికిని వింత కాదు. పాట తెలియనిచో మౌనముగా నిలిచిన చాలును. కఱ్ఱ నెందుకు ఊపుదురో తరువాత అడుగవచ్చును. పాట నడుమ అడుగుట, అనుమతి లేక ఫోటో తీయుట తగదు.

అన్నింటికంటె చూడదగినది వారి క్రిస్మసు. జనవరి 7 ఉదయమున బేతె మరియం దేవాలయమువద్ద, గోడవలె నిలిచిన రాతి అంచుపై నొక గాయక బృందము, క్రింద ప్రాంగణమున మరియొక బృందము నిలుచును. పైవారు దేవదూతలనియు, క్రిందివారు మనుష్యులనియు చెప్పుదురు. పైనుండి ఒక పాట దిగును, క్రిందినుండి దానికి బదులు లేచును. రాత్రియంతయు జాగరముండిన యాత్రికులు చుట్టుగట్లపై క్రిక్కిరిసి నిలిచి వినుచుందురు.