రైతు కుటుంబమునకు ట్రస్టు అవసరమా?

సాగులో ఎంతో ముందుచూపు గల రైతు సయితము, తన తరువాత ఆ పొలము ఎవరి చేతిలో ఎట్లుండవలెనను విషయమును వాయిదా వేయుచుండును. ట్రస్టు వ్రాయించినచో తగవులు రావని కొందరు చెప్పుదురు. అన్ని నేలలకు ఒకే ఎరువు పనికిరానట్లే, ట్రస్టు కూడ అన్ని కుటుంబములకు అక్కరలేదు. ఈ దిగువ చెప్పినది హిందూ వారసత్వ చట్టము వర్తించు కుటుంబములకు మాత్రమే.

ట్రస్టు అనగా నేమి?

ఆస్తిని ఒకరి అధీనమున ఉంచి, దాని ఫలము వేరొకరికి చెందునట్లు చేయు ఏర్పాటే ట్రస్టు. ఆస్తిని చూచువాడు ధర్మకర్త. ఫలము పొందువాడు లబ్ధిదారు. 1882 నాటి ట్రస్టుల చట్టము ప్రకారము భూమిపై ట్రస్టును రిజిస్టరు దస్తావేజు ద్వారా గాని, వీలునామా ద్వారా గాని ఏర్పరచవలెను. నోటిమాట చెల్లదు.

ఏమియు వ్రాయకున్నచో?

ఒక రైతుకు స్వార్జితమైన భూమి 6 ఎకరములు, భార్య, ఇద్దరు కుమారులు, ఒక కుమార్తె ఉన్నారనుకొందము. అతడు వీలునామా లేక మరణించినచో, 1956 నాటి వారసత్వ చట్టము ప్రకారము నలుగురికి ఎకరమున్నర చొప్పున వచ్చును. తల్లి జీవించియున్న ఆమెకును సమాన వాటా కలదు. పిత్రార్జితమున, 2005 సవరణ వలన కుమార్తెకు కుమారునితో సమానముగా పుట్టుకతోనే హక్కు కలదు. ఈ పంపకము మీకు సమ్మతమై, వారసులందరు తమ పని తాము చూచుకొనగలవారైనచో ట్రస్టు అవసరము లేదు.

వీలునామా ఎప్పుడు చాలును?

వాటాలు మార్చదలచినను, ఏ చెక్క ఎవరికో నిర్ణయింపదలచినను వీలునామా చాలును. మీ సంతకము, ఇద్దరు సాక్షుల సంతకములు ఉండవలెను. రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు గాని, చేయించుట మేలు. వాటా పొందువారిని సాక్షులుగా పెట్టకుడు. ఉమ్మడి ఆస్తిలో మీ వాటాకు మాత్రమే వీలునామా వ్రాయగలరు. బ్రతికియున్నంత కాలము దానిని మార్చుకొనవచ్చును.

దాన దస్తావేజు అట్లు కాదు. హక్కు వెంటనే చేజారును. మిమ్ములను పోషించవలెనను షరతును అందులో స్పష్టముగా వ్రాయించుడు. అప్పుడు పోషింపకున్నచో, 60 ఏండ్లు నిండినవారు 2007 నాటి చట్టము క్రింద ట్రిబ్యునలును ఆశ్రయించి ఆ దస్తావేజును రద్దు కోరవచ్చును.

ట్రస్టు ఎప్పుడు కావలెను?

పై కుటుంబములో చిన్న కుమారునికి బుద్ధి ఎదుగుదల లేదనుకొందము. ఎకరమున్నర అతని పేర వచ్చినను, కౌలుకిచ్చుటకు గాని, లెక్క అడుగుటకు గాని అతనికి శక్తి చాలదు. తల్లిదండ్రుల తరువాత ఎవరో వేలిముద్ర వేయించుకొన్న అడిగెడివారుండరు. ఇట్టి కుటుంబమునకు ట్రస్టు నిజముగా అవసరము. అక్కను, మేనమామను ధర్మకర్తలుగా నియమించి, కౌలు డబ్బు అతని తిండికి, మందులకు వాడవలెనని వ్రాయవచ్చును. మైనరు పిల్లలున్నవారు, ఆస్తిని నిలుపుకొనలేని వ్యసనపరుడు ఇంట ఉన్నవారు కూడ దీనిని ఆలోచింపవచ్చును.

దీనిని వీలునామాలోనే ఏర్పరచిన, మీ జీవితకాలమంతయు భూమి మీ పేరనే ఉండును. ఇప్పుడే ట్రస్టుకు మార్చదలచినచో స్టాంపు ఖర్చు కలదు. పి.ఎం. కిసాన్ సాయము సంస్థల భూములకు లేదు గనుక, ఆ సంగతి ముందుగా వ్యవసాయ కార్యాలయమున విచారించుడు.

దస్తావేజులో వ్రాయవలసినవి

1. సర్వే నంబర్లు, విస్తీర్ణము, హద్దులు.
2. ధర్మకర్తలు ఇద్దరు, వారి తరువాత ఎవరు?
3. భూమి అమ్ముటకు అధికారము కలదా, లేదా?
4. ప్రతి సంవత్సరము లెక్క ఎవరికి చూపవలెను?
5. లబ్ధిదారు తదనంతరము భూమి ఎవరికి?

ధర్మకర్త నమ్మకస్థుడు కానిచో ఎంత మంచి దస్తావేజైనను నిష్ఫలము. కావున మొదట పట్టాదారు పాసుపుస్తకము సరిచూచుకొనుడు. భార్యను, కుమార్తెలను కూడ కూర్చుండబెట్టి మాట్లాడుడు. పిదప న్యాయవాది వద్దకు వెళ్లుడు. ఇంటిలో తనకు తాను చెప్పుకొనలేనివాడు ఉన్నచో, ఆ పనిని వచ్చే పంటకాలమునకు వాయిదా వేయకుడు.