పిక్క అదిరితే ప్రాణం అదరాలా?

కన్ను అదిరితే మన ఇళ్ళల్లో ఎవరూ డాక్టరు దగ్గరికి పరుగెత్తరు. "ఏ కన్నే?" అని అడుగుతారు. ఆడవాళ్ళకి ఎడమ కన్ను అదిరితే శుభం, కుడి కన్ను అదిరితే కీడు అని మా అత్తగారు ఇప్పటికీ తేల్చి చెబుతారు. సుందరకాండలో అశోకవనంలో కూర్చున్న సీతమ్మకి ఎడమ కన్ను, ఎడమ భుజం, ఎడమ తొడ అదిరాయి. ఆ తర్వాతేగా హనుమంతుడు కనిపించింది! ఆ లెక్కన రెండేళ్ళ క్రితం నాకు ఎడమ పిక్క అదరడం మొదలైనప్పుడు నేను సంతోషించాల్సింది. అత్తగారిని అడిగినా బాగుండేది. నేను సెల్‌ఫోన్‌ని అడిగాను.

అవి మిరపకాయల రోజులు. మా శావల్యాపురం చుట్టుపక్కల మిరప వేసిన ఇళ్ళల్లో జనవరి నుంచి మార్చి దాకా ఆడవాళ్ళకి నిద్ర ఉండదు. కోతలు, కల్లంలో ఆరబోతలు, తాలుకాయలు ఏరడం, టిక్కీలకెత్తి గుంటూరు యార్డుకి పంపేదాకా ఒకటే హడావిడి. ఆ రోజుల్లో నేను తాగిన టీలు తర్వాత లెక్కేసుకుంటే నాకే సిగ్గేసింది. పొద్దున్న రెండు, కూలీలతో పాటు రెండు, మధ్యాహ్నం కునుకు రాకుండా ఒకటి, కల్లం కాపలాకి వెళ్ళే మావారి కోసం నింపిన ఫ్లాస్కులోంచి ఇంకో రెండు. నిద్ర నాలుగ్గంటలు.

అట్లాంటి ఒక రాత్రి పడుకోగానే ఎడమ పిక్కలో, చర్మం కింద చిన్న పురుగేదో దొర్లినట్టు టకటకా కొట్టుకోవడం మొదలైంది. లైటు వేసి చూస్తే కంటికి కనబడుతోంది కూడా. నొప్పి లేదు, మంట లేదు. ఊరికే అదురుతోంది. రెండో రోజూ అంతే, మూడో రోజూ అంతే. నాలుగో రోజు ఫోనులో "పిక్క ఎందుకు అదురుతుంది" అని వెతికాను. అలసట, నిద్రలేమి, కాఫీ, టీ అని పైనే రాసి ఉంది. అవి నా కంటికి ఆనలేదు. ఇంకొంచెం కిందికి పోతే మోటార్ న్యూరాన్ జబ్బు అని ఒక పేరు కనిపించింది. మెదడు నుంచీ వెన్నుపాము నుంచీ కండరాలకి కబురు మోసే నరాలు మెల్లగా చచ్చిపోయే జబ్బు అది. చక్రాల కుర్చీలో కూర్చునే శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్‌కి 1963లో, 21 ఏళ్ళప్పుడు బయటపడింది అదే. ఆయన 76 ఏళ్ళు బతికి 2018లో పోయాడు గానీ, చాలామంది అన్నేళ్ళు బతకరని కూడా అక్కడే రాసుంది.

ఇంక చూసుకోండి. మా అమ్మాయి అప్పటికి డిగ్రీ రెండో సంవత్సరం. దాని పెళ్ళి నేను చూడనని ఆ రాత్రే తీర్మానించుకున్నాను. పక్కకి తిరిగి ఏడ్చాను గానీ ఎవరికీ చెప్పలేదు.

మర్నాటి నుంచి నాకు నేనే డాక్టర్ని. జాకెట్లు కొలిచే టేపు తీసి రెండు పిక్కలూ కొలిచాను. ఎడమది పదమూడు అంగుళాలు, కుడిది పదమూడుం పావు. అంతే, గుండె జారిపోయింది. మనిషికి రెండు కాళ్ళూ అచ్చంగా ఒక్క కొలతలో ఉండవన్న సంగతి నాకు తెలియదు. ఇన్నేళ్ళుగా జాకెట్లు కుడుతున్నాను, ఎంతమందికి రెండు చేతుల కొలతా ఒకటిగా వచ్చింది? ఆ మాట తట్టనే లేదు. క్యాలెండరు వెనక తారీఖు వేసి కొలతలు రాసుకునేదాన్ని. రోజుకి ఒకసారి, తర్వాత మూడుసార్లు. బలం ఉందో పోయిందో చూసుకోవడానికి వాకిట్లో మడమల మీద నడిచేదాన్ని. మా అత్తగారు మంచం మీద నుంచి చూసి, "ఏందమ్మాయ్, అట్టా నడుస్తన్నావు? మొక్కేమన్నా మొక్కుకున్నావా?" అన్నారు.

వింతేమిటంటే, చూసుకునే కొద్దీ ఎక్కువైంది. పిక్కలో ఉన్నది తొడకొచ్చింది, తర్వాత బొటనవేలి పక్క కండ, ఒకరోజు పెదవి. రాత్రి మావారిని నిద్రలేపి "ఏమండీ, ఎడమ కాలు సన్నబడిందా?" అని అడిగేదాన్ని. "బాగానే ఉంది, పడుకో" అనేవారు. ఆ మాటతో తెల్లారేదాకా ధైర్యం. పొద్దున్న పళ్ళు తోముకునేసరికి మళ్ళీ మామూలే. చివరికి ఆయనకీ విసుగొచ్చి, "ఇంకోసారి టేపు కనపడిందా, బావిలో వేస్తా" అన్నారు.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. ముందు దగ్గర్లో బలానికని సూదులు వేయించుకున్నాను. తర్వాత ఒకచోట వెన్నుపూసకి స్కానింగ్ తీయించుకున్నాను. "అక్కర్లేదేమో" అన్నా వినకుండా పట్టుబట్టింది నేనే. అమ్మాయి కోసమని కట్టుకున్న చీటీ డబ్బుల్లో పద్దెనిమిది వేలు అట్లా పోయాయి. రిపోర్టులో ఏమీ లేదని రాస్తే సంతోషం రెండు రోజులు. మూడోరోజు "వాళ్ళు సరిగ్గా చూశారా?" అన్న అనుమానం.

మా మేనల్లుడు మెడిసిన్ చదువుతున్నాడు. వాడి పోరు పడలేక చివరికి రైలెక్కి గుంటూరులో నరాల డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆయన స్కానింగ్ కాయితాలు పక్కన పెట్టి, నన్ను నడిపించారు. మడమల మీద, మునివేళ్ళ మీద. చేతులు నెట్టమన్నారు, లాగమన్నారు. నాలుక చూశారు. మోకాళ్ళ మీద చిన్న సుత్తితో కొట్టారు. థైరాయిడ్, కాల్షియం, మెగ్నీషియం చూడమని రక్తపరీక్ష రాశారు. ఈఎంజీ అని కండరంలోకి సన్నటి సూది పెట్టి చేసే పరీక్ష ఒకటి చేయించారు. నా మిగతా పరీక్షలన్నీ బాగానే ఉన్నాయి, రక్తం మాత్రం కాస్త తక్కువ.

"అమ్మా, మీ కాలు అదురుతోందా అన్నది నాకు పెద్ద ప్రశ్న కాదు, మీ కాలు పని చేస్తోందా అన్నదే ప్రశ్న" అన్నారాయన. మీరు భయపడే జబ్బులో ముఖ్యంగా కనబడేది బలం పోవడం. చెప్పు కాలి నుంచి జారిపోతుంది, పాదం ఈడ్చుకుపోతుంది, జాకెట్ హుక్కు పెట్టుకోలేరు, తాళం తిప్పలేరు, మాట ముద్దగా వస్తుంది, నీళ్ళు గొంతు దిగవు, కండ కరిగిపోవడం పక్కవాళ్ళకి కూడా తెలుస్తుంది. అలాంటివి ఉంటే ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకూడదు. ఇవేవీ లేకుండా, పరీక్షలో బలం సరిగ్గా ఉండి, ఊరికే అక్కడా ఇక్కడా అదిరితే దాన్ని హాని లేని అదురు అంటారట. ఇంగ్లీషులో బినైన్ ఫాసిక్యులేషన్. అమెరికాలో మేయో క్లినిక్ డాక్టర్లు ఇట్లాంటివాళ్ళు 121 మందిని 2 ఏళ్ళ నుంచి 32 ఏళ్ళ దాకా గమనించి 1993లో ఫలితం రాశారట. వాళ్ళలో ఒక్కరికి కూడా ఆ పెద్ద జబ్బు రాలేదు.

తిరుగు రైల్లో మేనల్లుడు ఇంకో సంగతి చెప్పాడు. ఈ భయం ఎక్కువగా పట్టుకునేది డాక్టర్లకీ, మెడిసిన్ చదివే పిల్లలకేనట! పుస్తకంలో చదవగానే వాళ్ళ కాళ్ళూ అదురుతాయి. ఆస్ట్రేలియాలో సైమన్, కీర్నన్ అనే ఇద్దరు డాక్టర్లు 2013లో ఇట్లా భయపడిన వైద్యుల మీదే వ్యాసం రాసి, దానికొక పేరు కూడా పెట్టారు. అంత చదివినవాళ్ళకే అట్లా అయితే ఇంటర్‌తో ఆగిన నేనెంత అనుకుని నవ్వుకున్నాను. చాలా రోజుల తర్వాత వచ్చిన నవ్వు.

అసలు జరిగేదేమిటంటే, కండరంలోకి వచ్చే నరం కొస దానంతటదే చిటపటలాడుతుంది. నిద్ర లేకపోయినా, ఒళ్ళు అలిసినా, టీ కాఫీలు ఎక్కువైనా, చెమటలో ఉప్పు పోయినా, థైరాయిడ్ ఎక్కువ పనిచేసినా, ఉబ్బసానికి వాడే కొన్ని మందుల వల్లా ఇది రావచ్చు. భయపడితే ఒంట్లో అడ్రినలిన్ పెరిగి ఇంకా ఎక్కువవుతుంది. అర్ధరాత్రి కుళాయి చుక్క చప్పుడు ఎట్లాంటిదో చూడండి. పగలంతా అది పడుతూనే ఉంటుంది, వినబడదు. ఒకసారి చెవి దానిమీద పడిందా, ఇంక నిద్ర పట్టదు.

ఇక్కడ మా ప్రాంతం వాళ్ళ కోసం ఒక మాట ఆపి చెప్పాలి. పురుగుమందుల్లో మోనోక్రోటోఫాస్, క్లోరిపైరిఫాస్ లాంటివి ఒంటికి పట్టినా కండరాలు అదురుతాయి. ఆ అదురు వేరు. దానితో పాటు నోటి వెంట చొంగ, కళ్ళ నీళ్ళు, చెమటలు, వాంతులు, విరేచనాలు ఉంటాయి, కంటిపాప సూది మొనంత అవుతుంది, ఊపిరి ఆడదు. మందు కొట్టొచ్చిన మనిషికి ఇట్లా ఉంటే ఇంటి వైద్యాలు పెట్టుకోవద్దు. బట్టలు తీసేసి సబ్బుతో ఒళ్ళు కడిగి, వెంటనే 108కి ఫోను చేయాలి. కడిగేవాళ్ళు చేతులకి ప్లాస్టిక్ కవరైనా తొడుక్కోవాలి. మందు డబ్బా వెంట తీసుకుపోతే డాక్టరుకి పని సులువు.

నా సంగతికొస్తే, డాక్టరు గారు ధైర్యం చెప్పగానే అంతా పోయిందనుకుంటే పొరపాటు. వారం బాగున్నాను. తర్వాత టేపు మళ్ళీ తీశాను. అప్పుడు మేనల్లుడు టెలి మానస్ నంబరు 14416 ఇచ్చాడు. 2022 అక్టోబరులో మొదలుపెట్టిన ప్రభుత్వ సేవ, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. "పిచ్చి ముదిరిందనుకుంటారేమో" అని రెండు రోజులు ఫోను చేతిలో పట్టుకుని తిరిగాను. తీరా చేస్తే ఆ అమ్మాయి చాలా నెమ్మదిగా విన్నది. నాకు అర్థమైంది ఏమిటంటే, నా జబ్బు పిక్కలో లేదు, కొలుచుకోవడంలో ఉంది. కొలిచినప్పుడల్లా, అడిగినప్పుడల్లా భయానికి మేత వేసినట్టే.

భయాన్ని తోసెయ్యొద్దు, దానికొక టైము పెట్టండి అన్నది ఆ అమ్మాయి. నేను సాయంత్రం నాలుగున్నర పెట్టాను. పొద్దున్నే ఆలోచన వస్తే "నాలుగున్నరకి రా" అనుకుని పప్పు కడగడానికి పోయేదాన్ని. నాలుగున్నరకి కుర్చీ వేసుకుని కూర్చుంటే సగం రోజులు ఏం భయపడాలో గుర్తొచ్చేది కాదు! టేపు అమ్మాయి పెట్టెలో పెట్టి తాళం వేయించాను, జాకెట్ కుట్టాల్సినప్పుడే తీసిచ్చేది. మావారికీ ఒక పని అప్పజెప్పాను. నేను "సన్నబడిందా?" అని అడిగితే చూడకూడదు, "డాక్టరు చెప్పింది నీకు తెలుసుగా" అని ఊరుకోవాలి. మొదటిసారి అట్లా అన్నప్పుడు నాకు ఒళ్ళు మండింది. తర్వాత అడగడమే తగ్గింది.

టీలు రెండుకి దించాను. మొదటి మూడు రోజులు తలనొప్పి వచ్చింది, ఒక్కసారిగా మానకుండా రోజుకొకటి తగ్గించుకుంటే నయం. ఎండన పడి పనిచేసిన రోజు ఉప్పు, నిమ్మకాయ పిండిన పల్చటి మజ్జిగ తాగుతున్నాను. రాగిజావ, నువ్వుల పొడి, మునగాకు పప్పు, గుప్పెడు వేరుశెనగలు మన ఇంట్లో ఉండేవే. ఇవి తింటే అదురు పోతుందని నేను చెప్పను, ఒంటికి మంచివి, రక్తం తక్కువున్నవాళ్ళకి మరీ మంచివి. బీపీ, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు మాత్రం ఉప్పు మజ్జిగలూ, కాల్షియం, మెగ్నీషియం బిళ్ళలూ డాక్టర్ని అడక్కుండా మొదలుపెట్టొద్దు.

పిక్క ఇప్పటికీ అదురుతుంది. మొన్న మిరప కోతల్లో నాలుగు రోజులు బాగా అదిరింది, ఆ తర్వాత ఎప్పుడు ఆగిందో గమనించలేదు. ఈ కబుర్లు రాస్తుంటే కుడి కంటి రెప్ప కొట్టుకుంటోంది. అత్తగారికి చెప్పలేదు. చెబితే ఇవాళ చీటీ కట్టడానికి కూడా నన్ను గుమ్మం దాటనివ్వరు.