ముఖంమీది ఎరుపును ఉపేక్షింపరాదు

రాయచూరు జిల్లా యాపలదిన్ని వంటి గ్రామాలలో పత్తి ఏరడానికీ, మిరపకాయలు కోయడానికీ పోయే ఆడవారి ముఖాలు ఎండకు నల్లబడడం, చెంపలకు మంగు పట్టడం కొత్తకాదు. కీళ్లనొప్పులు అంతకంటె కొత్తకాదు. అందుచేతనే లూపస్ అనే వ్యాధి ఇటువంటి చోట సులభంగా మరుగుపడిపోతుంది.

లూపస్ అంటే లాటిన్ భాషలో తోడేలు. చర్మంమీది పుండ్లు తోడేలు కరచినట్లున్నవని పూర్వపు యూరపు వైద్యులు పెట్టిన పేరు. ఇది చర్మంతో ఆగదనీ, లోపలి అవయవాలకూ పాకుతుందనీ 1872లో వియన్నా వైద్యుడు కపోసీ వ్రాశాడు. రోగాలనుండి కాపాడవలసిన రక్షణశక్తే దారితప్పి సొంత శరీరం మీద పడుతుంది. కంచే చేను మేసినట్లన్నమాట. అంటువ్యాధి మాత్రం కాదు. ఒక కంచంలో తిన్నా రాదు. రోగులలో పదింట తొమ్మండుగురు స్త్రీలు. అందునా 15 మొదలు 45 ఏండ్ల లోపువారే ఎక్కువ.

మంగు నెలల తరబడి మెల్లగా వస్తుంది. జ్వరం, నొప్పి వెంటతేదు. లూపస్ దద్దు ముక్కుదూలం మీదుగా రెండు చెంపలకూ సీతాకోకచిలుక రెక్కలవలె పరచుకొంటుంది. ముక్కు ప్రక్కనుండి పెదవి కొనకు దిగే మడతలను సాధారణంగా వదలివేస్తుంది. ఎండలో తిరిగిన తరువాత హెచ్చుతుంది. మన చామనచాయలో అది ఎర్రగా గాక ఊదాగా, నల్లగా తోచవచ్చును. అసలు దద్దే రానివారూ ఉన్నారు.

కనుక తక్కిన గుర్తులు చూడవలెను. వారాల తరబడి విడువని కొద్దిపాటి జ్వరం, నిద్రపోయినా తీరని అలసట, పొద్దున్నే చెంబు పట్టడానికి ముడుచుకోని వ్రేళ్లు, దువ్వెనకు కుచ్చులుగా వచ్చే జుట్టు, అంగిట్లో నొప్పి తెలియని పుండ్లు, చన్నీళ్లు తగిలితే తెల్లబడి ఆపైన నీలమయ్యే వ్రేళ్లు, ఊపిరి పీల్చితే ఛాతీలో పోటు, పదేపదే గర్భస్రావం. ఒక్కొక్కటి వేరుగా చూస్తే దేనికో దానికి సాకు దొరుకుతుంది. రెండు మూడు కలసినప్పుడే అనుమానించవలెను.

అన్నిటికంటె భయపడవలసింది మూత్రపిండాల గురించి. అవి చెడుతున్నప్పుడు నొప్పి ఉండదు. లేచేసరికి కండ్లక్రింద ఉబ్బు, సాయంత్రానికి పాదాల వాపు, మూత్రంలో ఎంతసేపటికీ అణగని నురుగు – ఇంతే. ఒక్కొక్కరికి ఇవీ కనబడవు. మూత్రపరీక్షకు అయ్యే ఖర్చు స్వల్పం. దానితోపాటు రక్తపోటు చూపించుకొంటే ముందుగానే పసిగట్టవచ్చును. ఆలస్యమైతే డయాలిసిస్ దాకా పోతుంది.

మనవారికి మరొక చిక్కు. ఇంట్లో తెలుగులో పది బాధలు చెప్పుకొన్న మనిషి డాక్టరు ముందు కూర్చోగానే కన్నడంలో “మైకై నోవు” అని ఊరుకొంటుంది. నొప్పిమాత్ర చేతికి వస్తుంది. ఏ నెలలో ఏది మొదలైందో కాగితంమీద వ్రాసుకొని పోవడం మేలు. ఏ.ఎన్.ఏ. అనే రక్తపరీక్ష చేయిస్తారు. అది ఆరోగ్యవంతులలోనూ కొందరికి పాజిటివ్ వస్తుంది గనుక కాగితం చూచి బెంబేలు పడనక్కరలేదు, నిర్ణయించవలసింది వైద్యుడు. రాయచూరులో రిమ్స్ ఉంది. హైదరాబాదు నిమ్స్‌లో కీళ్లవాతానికీ, ఇటువంటి జబ్బులకూ ప్రత్యేక విభాగమే ఉంది.

పూర్తిగా నయమయ్యే జబ్బు కాదు, అదుపులో ఉండే జబ్బు. మలేరియాకు వాడిన హైడ్రాక్సీక్లోరోక్విన్ దీనికి మూలాధారమైన మందు. 2020లో కరోనాకు పనిచేస్తుందని పేరుపడి, ఆ మాత్ర దొరకక లూపస్ రోగులు ఇక్కట్లు పడ్డారు. దానిని వాడేవారు డాక్టరు చెప్పిన గడువులో కండ్ల పరీక్ష చేయించుకోవలెను. స్టెరాయిడ్ మాత్రలు, ముఖం ఉబ్బుతున్నదని ఎవరో అంటే చటుక్కున మానడం ప్రాణాపాయం.

పెండ్లి సంబంధాలు తప్పిపోతాయని ఈ జబ్బును దాచే ఇండ్లున్నవి. దాచిన పిల్ల మందు కూడా చాటుగానే మానుతుంది. జబ్బు కనీసం ఆరునెలలు అణగి ఉన్నప్పుడు, వైద్యుని సలహాతో గర్భం ధరించి క్షేమంగా ప్రసవించినవారు అనేకులు.

ఎండ తగ్గించుకోవడం మన చేతిలో పని. పొలానికి పోకతప్పనివారు తెల్లవారుజామునే పోయి, ఎండ ముదరకముందే తిరిగిరావలెను. పత్తి ఏరేటప్పుడు చీరమీద తొడుక్కొనే మగవారి పొడుగుచేతుల చొక్కా, తలనిండా చెంగు ఇందుకూ పనికివస్తాయి.