నర్సులకు ఫెలో గౌరవము

రావిర్యాల వంటి గ్రామములనుండి హైదరాబాదునకు పోయి నర్సువిద్య నేర్చు బాలికలను జూచి, రోగులకు ఊడిగము చేయుటయేగదా యని తేలికగా పలుకువారు నేటికిని గలరు. ఈ వృత్తియందు విద్వత్తునకెంత స్థానము గలదో వారెరుగరు.

వైద్యులకువలెనే నర్సులకును ఫెలో యను బిరుదము గలదు. అమెరికాలో 1973లో 36 మంది ఫెలోలతో నర్సింగు అకాడమీ వెలసినది. అత్యవసరచికిత్స మొదలగు ప్రత్యేకశాఖల నర్సులకును ఆ దేశమున ఇట్టి గౌరవము లున్నవి. అకాడమీలో ఫెలో కాగోరు నర్సును ఇద్దరు ఫెలోలు బలపరుపవలెను. ఇన్నేండ్లు పనిచేసితినన్న చాలదు. తన కృషివలన తన యాసుపత్రికి వెలుపల సైతము ఏమి మేలు కలిగెనో నిదర్శనములతో చూపవలెను.

మన దేశమున శిక్షితనర్సుల సంఘము 1908లో ఏర్పడినది. 2018లో కేంద్రప్రభుత్వము నర్సులకు ప్రసూతిసేవయందు 18 నెలల ప్రత్యేకశిక్షణను నిర్ణయించినది. ఇట్టి విద్య నేర్చినవారు, కాన్పు సుఖముగా జరుగుటకు తాము చేసిన యుపాయమును, దాని ఫలితమును ఏనాటికానాడు వ్రాసియుంచి, తోడివారికి నేర్పుచుండవలెను. చేతినేర్పు చేతితోనే పోవును. వ్రాసి పంచినది పదిమంది తల్లులను కాపాడును. గౌరవమునకు తొలిమెట్టదియే.

తల్లులారా! మీ కుమార్తె నర్సునగుదునన్నచో, సంబంధములు తప్పునేమోయని వెనుదీయకుడు. చదివింపుడు.